గొర్లు మేసిన గడ్డి

మా బావకు అమెరికాలో ఒక గోల్ఫ్ క్లబ్బులో నేషనల్ మెంబర్‌షిప్ ఉండేది. ఇల్లు డాలస్‌లో, క్లబ్బేమో విమానమెక్కితే తప్ప చేరలేని చోట. అక్కడ ఇదొక పద్ధతి. క్లబ్బుకు బాగా దూరాన కాపురముండేవాళ్లకు చందా తగ్గించి సభ్యత్వమిస్తారు. ఏడాదికి ఇన్నిసార్లే ఆడాలని చాలాచోట్ల షరతు పెడతారు. చుట్టుపక్కల జనం పలచగా ఉన్నచోట కట్టిన క్లబ్బులు ఈ దూరపు సభ్యుల మీదే బతుకుతాయి. నెబ్రాస్కాలో ములెన్ అనే చిన్న ఊరి దగ్గర 1995లో తెరిచిన శాండ్ హిల్స్ అట్లాంటిదే. చుట్టూ పశువులు మేసే ఇసుక దిబ్బలు, సభ్యులు మాత్రం దేశం నలుమూలలవాళ్లు. మన దగ్గర పాత క్లబ్బుల్లో అవుట్‌స్టేషన్ మెంబర్ అనే మాట ఉంది గానీ, ఇక్కడ ముందు తలుపు తెరుచుకోవడమే పెద్ద సంగతి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో పేరు రాయించుకున్నవాళ్లు దశాబ్దాలు ఎదురుచూస్తారు.

బావ ఆ సభ్యత్వాన్ని కొన్నేళ్లకే వదులుకున్నాడు. డబ్బు గురించే అనుకున్నా. "పైసలు కాదు బామ్మర్దీ, గడ్డి! బంతి పక్కకు పొయ్యిందంటే దేవులాడుడే. ఆడేది తక్కువ, దేవులాడేది ఎక్కువ," అన్నాడు ఫోన్లో. నవ్వేసి ఊరుకోవలసిన మాటే. కానీ ఆ తర్వాత ఏ కోర్సుకు పోయినా నా కళ్లు ముందు గడ్డి పొట్టిగా కోసిన ఫెయిర్‌వే అంచులకే పోతున్నాయి.

ఆ అంచుల అవతల పెరగనిచ్చే గడ్డి రఫ్. బంతి అడ్డకొలత దాదాపు 43 మిల్లీమీటర్లు. నాలుగంగుళాల గడ్డి దాన్ని పూర్తిగా మింగేస్తుంది. దొరికినా తిప్పలే. బంతిని కొట్టే కర్రనూ క్లబ్బనే అంటారు. దాని ముఖానికీ బంతికీ నడుమ గడ్డిపోచలు ఇరుక్కుంటాయి, స్పిన్ తగ్గుతుంది, బంతి గుంత ఉండే గ్రీన్ మీద నిలవక ముందుకు ఉరుకుతుంది. గడ్డి మరీ దట్టమైతే క్లబ్బు మెడకు చుట్టుకుని ముఖాన్ని మెలితిప్పుతుంది. తప్పుకు శిక్ష ఉండాలి, ఒప్పుకుంటాను. కాని ఈ శిక్ష అందరికీ సమానంగా పడదు. బలంగా కొట్టే కుర్రాడికి గ్రీన్ దగ్గరే ఉంటుంది, పొట్టి ఐరన్‌తో గడ్డిని కోసుకుంటూ బయటపడతాడు. అరవై దాటినాయనకు ఇంకా బోలెడు దూరం మిగిలి ఉంటుంది. ఆ దూరానికి పనికొచ్చే పొడుగు క్లబ్బు ఆ గడ్డిలో ఆడదు. ఆరితేరిన ఆటగాడికన్నా మామూలు ఆటగాడికి ఒక కోర్సు ఎంత ఎక్కువ కష్టమో చెప్పే స్లోప్ అంకె ఒకటుంది. ప్రమాణం 113, గరిష్ఠం 155. సభ్యత్వ పత్రం మీద ఫీజు కంటే ముందు నేను చూసేది ఇప్పుడు అదే.

దూరపు సభ్యుడి కష్టం ఇంకో రకం. రోజూ ఆడేవాడికి ఏ మలుపులో గడ్డి బంతిని పట్టేస్తుందో, ఎక్కడ వదిలేస్తుందో కాళ్లకే తెలుస్తుంది. ఏడాదికి ఒకట్రెండుసార్లు వచ్చేవాడు ఎప్పటికీ చుట్టమే. 2019 నుంచి బంతిని వెతకడానికి నిబంధనలు ఇచ్చే గడువు మూడు నిమిషాలు, అంతకుముందు ఐదు. ఆ కాస్త సమయం చుట్టానికి దారి తెలుసుకోవడానికే చాలదు. దూరంవాళ్ల చందాతో నడుస్తూ, గడ్డిని మాత్రం ఊరివాళ్ల లెక్కన పెంచే క్లబ్బు పిలిచి మరీ అవమానించినట్టే అనిపిస్తుంది నాకు.

ఈ దట్టమైన రఫ్ పిచ్చి టీవీ నుంచి పాకింది. 1974లో వింగ్డ్ ఫుట్ క్లబ్బులో జరిగిన యూఎస్ ఓపెన్‌లో గెలిచిన హేల్ ఇర్విన్ స్కోరే పార్ మీద ఏడు ఎక్కువ. అది ప్రపంచంలో మేటివాళ్లకు ఒక వారం పెట్టిన పరీక్ష. దాన్ని ఆదివారం సరదాగా ఆడుకునేవాళ్లకు ఏడాది పొడుగునా పెట్టడమెందుకు? గోల్ఫ్ కోర్సులకు రూపమిచ్చే అలిస్టర్ మెకంజీ 1920లోనే తన పుస్తకంలో, పోయిన బంతుల కోసం వెతికే చికాకు కోర్సులో అసలే ఉండకూడదని సూత్రంగా రాశాడు. ఆయన ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి వేసిన అగస్టా కోర్సులో 1999 దాకా రఫ్ అని చెప్పుకోదగ్గది లేనేలేదు.

నేను నల్లగొండ జిల్లా దేవరకొండ వైపువాణ్ని. మా బంచరాయిలో గొర్లు మేసిపోయాక ఎట్లుంటుందో కళ్లకు కట్టినట్టే ఉంది. ఇక్కడొక గుబురు, అక్కడ ఎర్రమట్టి, నోరు పెట్టని తంగేడు పొద, మధ్యలో బండ. అక్కడ బంతి పడితే దొరుకుతుంది, ఎట్లా పడిందన్నది మాత్రం అదృష్టం. కొట్టొచ్చా లేదా అని ఆలోచించాలి. ఆ ఆలోచనే కదా ఆట! గోల్ఫ్ పుట్టింది కూడా ఇట్లాంటి నేల మీదే. స్కాట్లండ్‌లో 1552 నాటి సెయింట్ ఆండ్రూస్ పత్రం ఆర్చిబిషప్పుకు కుందేళ్లు పెంచుకునే హక్కిస్తూనే, అదే నేల మీద ఊరివాళ్లు గోల్ఫ్ ఆడుకునే, పశువులు మేపుకునే హక్కునూ నిలిపింది. గడ్డి ఎత్తు జీవాల నోటిని బట్టి ఉండేది.

దట్టమైన రఫ్ ఊరికే రాదు, నీళ్లూ ఎరువూ పోస్తేనే వస్తుంది. మన వేడికి తట్టుకునే గోల్ఫ్ గడ్డి ఎక్కువగా గరికే. వినాయకుడికి పెట్టేదీ, దుక్కిలో రైతు తిట్టుకుంటూ పీకేదీ అదే. గ్రీన్ల మీద వేసే సన్నరకాలు చాలావరకు దాన్ని ఆఫ్రికా గరికతో కలిపి అమెరికాలోని టిఫ్టన్‌లో పుట్టించినవి. స్ప్రింక్లర్ చినుకు ఫెయిర్‌వే దాటి పడిందా, పక్కనున్న గరిక చాపలా అల్లుకుంటుంది, బంతి అందులో కూరుకుపోతుంది. వాననే నమ్ముకుంటే ఎండాకాలం గోధుమరంగుకు తిరిగి పలచబడుతుంది.

మొన్న బావ మళ్లీ ఫోన్ చేసి, హైదరాబాద్ నుంచి మన దిక్కు ఎవరన్నా కోర్సు వేస్తే ఎట్లుంటదని అడిగాడు. వేయనీ అన్నా. కానీ పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఏడాది వాన ఆరేడు వందల మిల్లీమీటర్లే, బోర్లు ఎంత లోతుకు పోయాయో ఆయనకూ తెలుసు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్‌తో తరాలు నలిగిన జిల్లా మా నల్లగొండ. గ్రీన్లకూ టీలకూ శుద్ధి చేసిన మురుగునీళ్లు పెట్టుకుని, ఫెయిర్‌వేలు వెడల్పుగా వేసి, రఫ్‌ను వానకూ కురుమోళ్ల మందలకూ వదిలేయమను అన్నాను. "గొర్లు గోల్ఫ్ క్లబ్బులకు వస్తే మెంబర్లు ఊకుంటరా?" అన్నాడు బావ. చందా కట్టకుండా గడ్డి కోసేది ఇంకెవరున్నారో చెప్పమన్నాను.