మియాపూర్ నుంచి మంచిరేవుల దాకా

మియాపూర్ మెట్రో స్టేషన్ వెనక ఇప్పటికీ కొంత ఖాళీ జాగా ఉంది. తుమ్మచెట్లు, సర్కారు తుమ్మ, బండలు, మధ్యలో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల పిల్లర్లు. 2024 అక్టోబరులో ఇక్కడ చిరుతపులి తిరుగుతోందని హైదరాబాద్ అంతా ఒక రాత్రి నిద్ర మానుకుంది. కట్టుబడి పని దగ్గరున్న వాళ్లు ఫోన్‌లో తీసిన చిన్న వీడియో అది. పొదల అంచున ఒక జంతువు తాపీగా నడిచిపోతుంది, అంతే. పోలీసులు, అటవీ శాఖ సిబ్బంది వచ్చి చీకట్లోనే వెతికారు. ఆ తర్వాత అడుగుల జాడలు చూసి తేల్చిన మాట ఏమిటంటే, అది చిరుత కాదు, అడవి పిల్లి.

అక్కడి నుంచి మంచిరేవుల దాకా, ఐటీ కారిడార్ మధ్యగా, జంతువులు కనబడ్డాయని జనం చెప్పిన చోట్లన్నీ చూసుకుంటూ వెళ్లాలని బయల్దేరాను. ఈ ఆలోచన పుట్టించింది బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న నా చిన్ననాటి స్నేహితుడు. వాళ్ల ఊరికి ఉత్తరాన, స్టాఫర్డ్‌షైర్‌లో కానక్ చేజ్ అనే అడవి ఉంది. పైన్ చెట్ల తోపులు, పొదలతో నిండిన మైదానాలు, జింకల మందలు. సెలవు రోజుల్లో అక్కడ నడవడం వాడికి అలవాటు. ఆ అడవిలో మనిషి ఎత్తున, ఒళ్లంతా బొచ్చుతో, రెండు కాళ్ల మీద నడిచే కోతి లాంటిది కనబడిందని ఏళ్ల తరబడి చెప్పుకుంటున్నారట. ‘మీ దగ్గర అలాంటివి ఉన్నాయిరా?’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే మియాపూర్ వచ్చాను.

నేను నేల చూస్తూ తిరుగుతుంటే ఆటో ఆపుకున్న ఒకాయన పలకరించాడు.

‘ఏం చూస్తున్నరు సార్, పులి జాగానా? అది పిల్లి అన్నరు గద.’

‘నువ్వు చూశావా అన్నా?’

‘నేను సూడలే. మా బావమర్ది ఆ దినం గీ తొవ్వలనే పోతుండె. పిల్లి అని టీవీల చెప్పినంక గూడ పొద్దుగూకితే ఇటు కిరాయికి రాలే. భయం ఉంటది గద సార్.’

భయం ఉంటుంది. దూరం నుంచి చూస్తే పోల్చుకోవడం తేలిక కాదు. అడవి పిల్లి ఇంటి పిల్లి కన్నా బాగా పెద్దది, కాళ్లు పొడుగు. పక్కన కొలతకు మనిషో బండో లేకపోతే వీడియోలో దాని పరిమాణం ఎంతైనా అనుకోవచ్చు. కానీ దాని తోక పొట్టి, చివర నల్లటి పట్టీలు. చిరుత తోక పొడుగు, నడుస్తుంటే కొన పైకి వంగి ఉంటుంది. బరువు చూస్తే అడవి పిల్లి పది కిలోలు దాటడం అరుదు, మగ చిరుత యాభై అరవై కిలోలు తూగుతుంది. మట్టిలో అడుగు పడితే వెడల్పులోనే తేడా తెలిసిపోతుంది. గోళ్ల గుర్తులు కూడా ఉంటే అది కుక్క అయి ఉంటుంది, ఎందుకంటే పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది.

పిల్లి అని తేలగానే ఊరు దాన్ని మరచిపోయింది. నాకు అది బాధ. మెట్రో రైళ్లు నిమిష నిమిషానికి పోయే చోట, ఎలుకల్ని వేటాడుకుంటూ ఒక అడవి పిల్లి ఇంకా బతుకుతోంది. ఆ సంగతి పులి వార్తకు ఏ విధంగానూ తీసిపోదు.

అదే ఆటో ఎక్కాను. హఫీజ్‌పేట వంతెన దాటి కొండాపూర్ మీదుగా కొత్తగూడ చేరేసరికి ఆఫీసు బస్సులు మొదలయ్యాయి. కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్ ఇక్కడే, 270 ఎకరాలకు పైగా రిజర్వు అడవి. దాని చుట్టూ అద్దాల మేడలు. పొద్దున్నే నడకకు వచ్చిన వాళ్లను అడిగితే నెమళ్లు చూశామన్నారు, పాములు చూశామన్నారు, గోడల మీద కోతులు మామూలే అన్నారు. రెండు కాళ్ల బొచ్చు మనిషి మాట ఎవరి నోటా రాలేదు.

నాకు ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు. మన కోతి మనకు బాగా తెలుసు. నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టున్న దక్షిణాది కోతి, ఉత్తరం నుంచి కిందికి దిగిన ఎర్రమొహం కోతి, పొడుగు తోక కొండముచ్చు, ఈ మూడూ తెలంగాణలో ఇళ్ల మధ్యే తిరుగుతాయి. కోతుల్ని తరమడానికి కొండముచ్చును తెచ్చి కట్టేసే ఊళ్లున్నాయి, కొండముచ్చు బొమ్మలు పెట్టుకునే కాలనీలున్నాయి. పైగా ప్రతి ఊరి పొలిమేరలోనూ ఆంజనేయస్వామి గుడి. వానరం మనకు చుట్టం. చీకట్లో అది దెయ్యమై కనబడాలంటే ముందు మనకు అపరిచితం కావాలి.

బ్రిటన్‌లో సంగతి వేరు. అక్కడ అడవి కోతులు లేవు. యూరప్ మొత్తంలో స్వేచ్ఛగా తిరిగే కోతులు జిబ్రాల్టర్ కొండ మీద తప్ప ఎక్కడా లేవు. ఎలుగుబంట్లు పోయి వెయ్యేళ్లు దాటింది, తోడేళ్లు పోయి కూడా శతాబ్దాలయింది. అయినా 1879 జనవరిలో ష్రాప్‌షైర్ సరిహద్దు దగ్గర, స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కూలీ రాత్రిపూట గుర్రబ్బండి తోలుకుంటూ కాలువ వంతెన దాటుతుంటే, పెద్ద పెద్ద తెల్లటి కళ్లున్న నల్లటి ఆకారం పొదల్లోంచి గుర్రం వీపు మీదికి దూకిందట. కొరడాతో కొడితే కొరడా దాని ఒంట్లోంచి దూసుకుపోయిందట. విషయం పోలీసు దాకా వెళితే ఆయన తేలిగ్గా చెప్పాడట, కాలువలో ఒక మనిషి మునిగి చనిపోయినప్పటి నుంచి ఆ ‘మనిషి కోతి’ అక్కడ తిరుగుతూనే ఉందని. షార్లట్ బర్న్ అనే జానపద పరిశోధకురాలు 1883లో తన పుస్తకంలో ఈ సంగతి పదిలం చేసింది. ఆ వంతెన ఇప్పటికీ ఉంది. 2003 జనవరిలో నార్తంబర్లండ్‌లోని బోలమ్ సరస్సు దగ్గర ఇలాంటి ఆకారం కోసమే ఒక బృందం వెళ్లి గాలించింది. ఎముక గానీ, వెంట్రుక గానీ, చచ్చిన ఒంటి ఆనవాలు గానీ ఇంతవరకూ దొరకలేదు. దొరకదని నా నమ్మకం. కోతులు గుంపులుగా బతుకుతాయి, తిన్నచోట మిగులు వదులుతాయి, పిల్లల్ని కంటాయి. అంత చిన్న దేశంలో అంత పెద్ద జంతువు గుంపు ఆనవాలు లేకుండా దాగలేదు.

అయితే చూశామన్న వాళ్లు అబద్ధాలకోర్లని నేను అనను. ఖాళీ అయిపోయిన అడవిలో చీకటి పడ్డాక మనిషికి భయం మాత్రం మిగిలే ఉంటుంది, ఆ భయం తనకొక రూపం వెతుక్కుంటుంది. 2001 మేలో ఢిల్లీకీ ఇదే జరిగింది. నడివేసవి, కరెంటు కోతలు, డాబాల మీద పడకలు. ‘మంకీ మ్యాన్’ వచ్చి గోళ్లతో రక్కిపోతున్నాడని వందల ఫిర్యాదులు. బెదిరి డాబాల మీంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పోలీసులు బహుమతి ప్రకటించారు, ఎవరూ దొరకలేదు.

సైబర్ టవర్స్ ముందు ఆటో కాసేపు ఆగిపోయింది. 1998లో ప్రధాని వాజపేయి దీన్ని ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్లూ పొదలే. ఆ బండల వయసు 250 కోట్ల ఏళ్లు. పాతికేళ్లలో వాటిలో చాలా భాగం కంకరై పోయింది.

గచ్చిబౌలి స్టేడియం దాటి కంచ గచ్చిబౌలి పక్కన దిగాను. ఇక్కడ ఎక్కువసేపు ఉన్నాను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న ఈ 400 ఎకరాల్లోకి 2025 మార్చి నెలాఖరున బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. రోడ్డు మీంచి చూస్తే చెట్లు కొట్టేసిన చోటు, మిగిలిన పచ్చదనం రెండూ కనబడతాయి. చుక్కల జింకలు, నెమళ్లు, అడవిపందులు, నక్షత్ర తాబేళ్లు ఉండే నేల ఇది. వాటిని ఏళ్లుగా చూసినవాళ్లు, ఫోటోలు తీసినవాళ్లు విశ్వవిద్యాలయంలోనే ఉన్నారు.

ఆ రోజుల్లోనే కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు కొన్ని బయటికొచ్చాయి. బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలు, ఏడుస్తున్నట్టున్న నెమళ్లు. కేసులు కూడా పెట్టారు. తయారుచేసిన వాళ్ల మనసు మంచిదే కావచ్చు. కానీ ఆ బొమ్మలు చేసిన కీడు నేను మరచిపోలేను. నిజంగా ఉన్న జింకను కూడా ‘ఇదీ కంప్యూటర్ బొమ్మేనేమో’ అని అనుమానించే వీలు కల్పించాయి. లేని కోతిని చూశామంటే ఏ జంతువుకూ నష్టం లేదు. ఉన్న జింకను లేదనిపిస్తే దాని నేల పోతుంది.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తూ టీ తాగడానికి ఆగినచోట ఒక సెక్యూరిటీ గార్డు కలిశాడు. శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం మనిషి. రాత్రి డ్యూటీ దిగి టీకి వచ్చాడు. బ్రిటన్ కోతి మనిషి కథ చెబితే నవ్వలేదు.

‘మావూర్ల దగ్గర జీడితోటల్లో ఎలుగులు తిరగవేటండి. తెల్లారగట్ట తోటకెళ్తే ఎదురుగా రెండు కాళ్ల మీద లెగిసి నిలబడిపోద్ది. మనిషనే అనుకుంటామండి. ఆ లగెత్తడం లగెత్తితే మరి వెనక్కి చూడం.’

నా స్నేహితుడి ప్రశ్నకు జవాబు ఆ టీ కొట్టు దగ్గర దొరికింది. తెలుగు నేల మీద రెండు కాళ్ల మీద నిలబడే బొచ్చు జంతువు ఉంది, అది ఎలుగుబంటి. మసక వెలుతురులో దాన్ని మనిషి అనుకోవడంలో తప్పులేదు. దాని దాడికి మనుషులు పోయారు, మనుషుల వల్ల అవీ పోయాయి. ఉద్దానంలో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు, జాగ్రత్తగా చెప్పుకుంటారు. తోకలేని వానరం మాత్రం మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల హూలక్ గిబ్బన్ ఒక్కటే, అది ఇక్కడికి రాదు.

నార్సింగి మీదుగా మంచిరేవుల చేరేటప్పటికి ఎండ ముదిరింది. గండిపేట నుంచి వచ్చే మూసీ ఈ చుట్టుపక్కల నుంచే గోల్కొండ వైపు సాగుతుంది. 2025 జులై చివరి వారంలో తారామతి బారాదరి దగ్గర రోడ్డు దాటి మూసీ వైపు దిగిన చిరుత కెమెరాలో పడింది. మంచిరేవుల ఫారెస్ట్ ట్రెక్ పార్కులో బోను పెట్టారు. చిరుత బోనులో పడింది, జూకు తరలించారు. మియాపూర్‌లో పులి అనుకున్నది పిల్లి అయింది, ఇక్కడ చిరుత అన్నది చిరుతే.

ఇదొక్కటే కాదు. 2020 మేలో, లాక్‌డౌన్ నాళ్లలో, కాటేదాన్ దగ్గర పట్టపగలు నడిరోడ్డు మీద చిరుత కూర్చుంది. రాజేంద్రనగర్ పొలాల్లోకి మాయమై, ఆ అక్టోబరులో గానీ చిక్కలేదు. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకిన చిరుత, కెమెరాలు, బోన్లు పెట్టాక మే మొదట్లో దొరికింది. 2025 ఏప్రిల్‌లో పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలో ఇంకొకటి. వీటిలో కొన్ని మొదట ఎవరో ఒక మామూలు మనిషి ‘నేను చూశాను’ అన్నవే. ఆ మాట కొట్టిపారేసి ఉంటే కెమెరా పెట్టేవాళ్లు కాదు, బోను పెట్టేవాళ్లు కాదు.

పార్కు లోపల బండల మధ్య దారి వెంట నడిచాను. పైనుంచి కోకాపేట మేడలు కనబడతాయి. చిరుతకు ఈ నేల కొత్త కాదు. చెరువులు, నదీ తీరం, బండల గుహలు, కుక్కలు, అడవిపందులు, దానికి కావలసినవన్నీ ఉన్నాయి. లేనిది ఒక పొద నుంచి ఇంకో పొదకు వెళ్లే దారి. కొత్తగూడ తోట ఒక ద్వీపం, కంచ గచ్చిబౌలి ఇంకో ద్వీపం, ఇదొకటి. మధ్యలో ఆరు వరుసల రోడ్లు. అందుకే అది రోడ్డు మీద కనబడుతుంది, కనబడినప్పుడల్లా మనం బోను తెస్తున్నాం.

ఈ కారిడార్‌లో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళ్లేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మీకు ఏదైనా కనబడితే వెలుతురు ఎంత ఉంది, ఎంత దూరంలో ఉంది, తోక ఎంత పొడుగు, ఎటు వెళ్లింది, అన్నీ అప్పుడే రాసి పెట్టుకోండి. అది వెళ్లిపోయాక బురదలో అడుగు దొరికితే పక్కన ఒక నాణెం ఉంచి ఫోటో తీయండి. రాళ్లు విసరకండి, గుంపు కట్టకండి, అటవీ శాఖకు చెప్పండి. కాపలా మనిషో కూలీయో చూశానంటే నవ్వకండి. అటవీ శాఖ వాళ్లు వచ్చి పిల్లి అని తేలిస్తే, పులి వీడియో ఎంతమందికి పంపారో ఆ మాట కూడా అంతమందికీ పంపండి.