కడపటివాడు ఇల్లు చేరువరకు

మీలో అనేకులు కట్టెలకొరకో, పశువులకొరకో కొండ యెక్కియుందురు. ఏ పనియు లేక వేడుకకొరకే కొండ యెక్కువారును ఉన్నారు. అట్టివారికి దారి చూపుటయే నా జీవనము.

శ్రీకాకుళము జిల్లాలోని మందసకు వాయవ్యముగా మహేంద్రగిరి కలదు. దాని శిఖరము ఒడిశాలోని గజపతి జిల్లాకు చెందినది. ఎత్తు 1,501 మీటర్లు. పాండవుల పేర పిలువబడు పాత రాతి గుళ్లు అక్కడ నున్నవి. ఆ కొండలలో పుట్టిన మహేంద్రతనయ నది మన బారువయొద్ద సముద్రములో కలియుచున్నది. ఆకాశము తేటగానున్న దినమున ఆ సముద్రము శిఖరమునుండి నీలిగీతవలె అగపడును. దాని చూచుటకే పట్టణవాసులు వచ్చెదరు.

ఈ పనిలో ప్రవేశించిన దినములలో నాకు గర్వము మెండు. అందరికంటె ముందు నడచువాడే దారి చూపువాడని తలంచితిని. ఒకనాడు పండ్రెండుగురను తీసికొని వెళ్లితిని. వారిలో ఒకరు పింఛను పుచ్చుకొనిన ముసలి ఉపాధ్యాయుడు. ఎక్కునప్పుడు ఏ కష్టమును కలుగలేదు. దిగునప్పుడు నేను పడుచువారితో ముచ్చటలాడుచు ముందు నడచితిని. ఇంతలో పొగమంచు కమ్మెను. వాగునొద్దకు వచ్చి లెక్కింపగా పదునొకండుగురే యుండిరి.

చదువరీ, నా గుండె జారిపోయెను. పొద్దు వాలుచుండెను. ఆ లోయలో సెల్‌ఫోను పలుకదు. మిగిలినవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి, కదలవద్దని చెప్పి, లైటు పట్టుకొని వెనుకకు పరుగెత్తితిని. "మాస్టారూ! మాస్టారూ!" అని పిలిచితిని. కొండయే నా కేక నాకు మరల వినిపించెను. కొంతసేపటికి రాతిమీద రాయి కొట్టుచున్న చప్పుడు సన్నగా వినవచ్చెను. చెప్పు తెగి ఆయన వెనుకబడెనట. దారి చీలినచోట పశువుల బాట పట్టి, తప్పితినని తెలిసిన వెంటనే అక్కడనే కూర్చుండెనట.

ఆయన నన్ను తిట్టలేదు. "నువ్వొస్తావని తెలుసు బాబూ. అందుకే కదలకుండా కూర్చున్నాను" అనెను. తిట్టినయెడల ఓర్చుకొనియుందును, ఆ నమ్మిక నన్ను సిగ్గుపరచెను. నేను వెనుకకు తిరిగి చూడని ఆ గంటసేపును ఆయన నన్నే నమ్ముకొని యుండెను.

నాటినుండి నా పద్ధతి మారినది. నెమ్మదిగా నడచువారిని ముందుంచి, వారి అడుగునుబట్టి అందరిని నడిపింతును. నమ్మకమైన ఒకనిని వెనుక నుంచుదును. దారి చీలిన ప్రతి చోటను నిలిచి లెక్కింతును. తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నము 12 గంటలు కొట్టగానే, శిఖరము కంటికి కనబడుచున్నను, వెనుకకు మరలింతును. దారి తప్పినవాడు నడువక, ఉన్నచోటనే నిలిచి చప్పుడు చేయవలెనని ముందే చెప్పుదును. ఈ మాట మీ బిడ్డలకును నేర్పుడి.

2014 మే 25న మన తెలుగు బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖర మెక్కెను. ఆమె యెక్కిన దినమును లోకము జ్ఞాపకముంచుకొనినది. కాని ఆమెను కనిన తల్లి, బిడ్డ క్షేమముగా దిగి వచ్చు దినముకొరకే కనిపెట్టియుండును గదా! శిఖరము సగము దారియే.

తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకబోయిన కాపరి కథ మీరు చిన్ననాటనుండి వినియున్నారు. నేనును వినియుంటిని. అయితే వాగునొద్ద నిలిచి పదునొకండుగురను లెక్కించిన నాటివరకు దాని భారము నాకు తెలియలేదు.

మీరు ఏ కొండకును దారి చూపకపోవచ్చును. అయినను మీ వెనుక నడచువారు కలరు. చూపు మందగించిన తల్లి, చదువులో వెనుకబడిన పిల్లవాడు, కోడలై క్రొత్తగా వచ్చి ఇంకను పెదవి విప్పని చిన్నది, మీరు తిరిగి చూతురని నమ్మి ఎక్కడనో కూర్చుండి యుండవచ్చును. నేటి సాయంకాలము దీపము వెలిగించినప్పుడు మీవారిని లెక్కించుడి. ఒకరు తక్కువైనయెడల, కంచము ముందు కూర్చుండక మునుపే లేచి వెళ్లుడి.