మూలమట్టానికి దొరకని మూల

జెర్సీ సిటీలో మేం అద్దెకుంటున్న ఇల్లు నూరేళ్ళు దాటినది. రాత బల్లను మూలకు జరిపితే ఒక గోడకు చక్కగా ఆనింది గాని, మూల దగ్గర రెండో గోడకూ దానికీ మధ్య సన్నటి సందు మిగిలింది. ఆ సందులోంచి పెన్సిల్ రెండుసార్లు జారిపడ్డాక, వంకర బల్లదో గోడదో తేల్చుకుందామనిపించింది. ఇంట్లో మూలమట్టం లేదు, టేపు ఉంది.

ఒక గోడ వెంట మూడడుగుల దగ్గర, రెండో గోడ వెంట నాలుగడుగుల దగ్గర గుర్తులు పెట్టాను. వాటి మధ్య సరిగ్గా అయిదడుగులుంటే అది లంబకోణం. అరంగుళం తక్కువొచ్చింది. ఈ కొలతల్లో అరంగుళమంటే దాదాపు ఒక డిగ్రీ. బల్ల నిర్దోషి.

ఇందులో వింతేమిటంటే, మూల సంగతి తేల్చడానికి మూలను ముట్టుకోనక్కర్లేదు. దాని గుణాన్ని ఎదురుగా గాలిలో సాగిన టేపు చెబుతుంది. ఇంటి గుట్టు ఎదురింటివాళ్ళకే బాగా తెలిసినట్టు. బడిలో పైథాగరస్ సిద్ధాంతానికి వారం రోజులు పట్టింది. దాని విపర్యయాన్ని గంట కొట్టే ముందు రెండు వాక్యాల్లో ముగించారు. తాపీ మేస్త్రీలకు బతుకంతా పనికొచ్చేది ఆ రెండు వాక్యాలే.

తెలుగునాట ఎందరో ప్రవర చెప్పుకుంటూ ఆపస్తంబ సూత్రాన్ని తలుస్తారు. ఆ సూత్రాల్లో ఒక తాడు ఉందని చాలామందికి తోచదు. వాటిలో ఒక భాగం పేరు శుల్బసూత్రం. శుల్బమంటే తాడు. సోమయాగపు మహావేదిని గీయడానికి ఆపస్తంబుడు వాడిన త్రిభుజాల్లో ఒకదాని భుజాలు 15, 36, 39. మొదటి రెంటి వర్గాలు కలిపితే 1521. 39 వర్గమూ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. తాడు మాత్రం లాగితే సాగుతుంది. లంబకోణం అంకెల్లో ఉన్నంత నిక్కచ్చిగా నేలమీద ఎన్నడూ ఉండదు. అంకెల్లోనైనా చేయి తప్పదా అంటే, తప్పుతుంది. మాకు హడ్సన్ నది అవతల, కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్లింప్టన్ 322 అనే బాబిలోనియా మట్టిపలక ఉంది. క్రీస్తుపూర్వం 1800 ప్రాంతానిది. అందులోని 15 వరుసలూ ఇలాంటి త్రిభుజాలవే. ఒకచోట లేఖరి సంఖ్యకు బదులు దాని వర్గాన్ని రాసేశాడు. పలక మీద నాకు మిక్కిలి ఇష్టమైన అంకె అదే.

తెనాలిలో మా ఇంటికి ముగ్గు పోసిన రోజు మేస్త్రి ఇదే మూడు, నాలుగు, అయిదుల లెక్కతో నాలుగు మూలలూ సరిచూశాడు. అంతా కుదిరాక వాస్తు కోసం ఈశాన్యపు మేకు పీకి, రెండంగుళాలు బయటికి జరిపి మళ్ళీ కొట్టాడు. అంత కష్టపడి సాధించిన లంబకోణాన్ని అంత నిశ్చింతగా చెడగొట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఫోనులో అమ్మకు గోడ వంకర సంగతి చెప్పాను.

“ఏ మూలరా అది?”

దిక్సూచి చూశాను. “ఈశాన్యం.”

“పెరిగిందా, తగ్గిందా?”

ఆలోచించాల్సి వచ్చింది. మూలను బయటికి లాగితే అక్కడి కోణం సన్నబడుతుంది. నా లెక్కలో ఒక డిగ్రీ తగ్గిన మూల, ఆవిడ లెక్కలో పెరిగిన మూల.

“పెరిగిందమ్మా.”

“ఇంకేం మరి, బల్ల అక్కడే ఉంచు.”

సందులో పాత దినపత్రిక మడిచి పెట్టాను.