అచ్చు విప్పేటప్పుడు చూడాలి

ఇంజనీర్ల శిక్షణకు మన దగ్గర ఒక తంతు ఉంది. ఏసీ హాలు, సంచిలో పెన్నూ నోట్‌బుక్కూ, పదకొండింటికి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, ఆఖరి రోజు గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. మెకానికల్ వాణ్ని కనుక ఇలాంటివాటిలో చాలాసార్లు కూర్చున్నాను. ఒక చోట వెల్డింగ్ లోపాల మీద రెండు పూటలు స్లైడ్లు చూపించారు. వెల్డు చేసిన ముక్క ఒక్కటైనా బల్ల మీదికి రాలేదు.

అన్నీ ఇంతేనంటే అన్యాయం. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పాఠానికి యంత్రాలు తోడుంటాయి. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1981లో గచ్చిబౌలిలో స్థాపించిన ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీ అయితే ఉన్నదే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల కోసం. మా ఆఫీసు కుర్రాళ్లు ఇద్దరు అచ్చుల డిజైన్ మీద శిక్షణ ముగించుకుని ఉత్సాహంగా తిరిగొచ్చారు. ఆ వేడి చల్లారకముందే వాళ్లను ధూల్‌పేట్ తీసుకెళ్లాను.

నాంపల్లి, ఆగాపుర దాటి మంగళ్‌హాట్ వైపు తిరిగామో లేదో, రోడ్డుకు రెండు పక్కలా నీలం టార్పాలిన్ల కింద తెల్లటి వినాయకులు బారులు తీరి కనిపించారు. రంగు ఇంకా పడలేదు, కళ్లు లేవు. ఇక్కడి లోధీల పెద్దలు ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఒకప్పుడు ఈ పేట పేరు చెబితే గుడుంబా అనేవారు. పతంగులూ విగ్రహాలూ ఆ రోజుల్లోనూ తయారయ్యేవి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, అంతే.

మేం వెళ్లిన షెడ్డు యజమాని నడివయసు మనిషి. దక్కనీ సగం, తెలుగు సగం కలిపి మాట్లాడతాడు. "చూడుండ్రి, ఫొటోలు తీస్కోండ్రి, గని అచ్చుల మీద కాలు పెట్టకుండ్రి" అని ముందే చెప్పాడు. నేల మీద బొజ్జ ముందు భాగం ఒక చోట, వెనక భాగం ఒక చోట ఉన్నాయి. చెవులు, తొండం, చేతులు వేటికవే. లోపల మెత్తటి రబ్బరు, దాన్ని కదలకుండా పట్టుకోవడానికి పైన ఫైబర్ తొడుగు.

కుర్రాళ్లలో ఒకడు వంగి చూసి, "డ్రాఫ్ట్ యాంగిల్ ఎంతిచ్చారన్నా?" అన్నాడు. ప్లాస్టిక్ వస్తువు అచ్చు నుంచి ఊడిరావాలంటే గోడలకు ఒకటి రెండు డిగ్రీల ఏటవాలు ఉంచాలని వాడు అప్పుడే నేర్చుకొచ్చాడు. యజమాని తొండం అచ్చు చేతికి తీసుకుని తొడుగు విప్పాడు. రబ్బరును అంచు నుంచి మేజోడులా తిరగేస్తూ లాగాడు. లోపలి వంపు చెక్కు చెదరలేదు. "గిట్లొస్తది. గట్టి అచ్చయితే నువ్వన్న లెక్క కావాలె. రబ్బరుకెందుకు?" అన్నాడు. కుర్రాడు నోట్‌బుక్ తీశాడు.

పక్కనే ఒకాయన ప్లాస్టర్ కలుపుతున్నాడు. బకెట్‌లో ముందు నీళ్లు, వాటి మీద పొడి చల్లడం, ఆనక చేత్తో కలపడం. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుందట. జిప్సంను 150 డిగ్రీల దాకా కాలిస్తే దాన్ని అంటిపెట్టుకున్న నీటిలో ముప్పావు వంతు పోతుంది, అదే ఈ పొడి. మళ్లీ నీళ్లు తగలగానే పోయినదాన్ని తిరిగి పట్టుకుంటుంది, ఆ క్రమంలో వేడెక్కి, గట్టిపడుతూ ఒక పిసరు ఉబ్బుతుంది. నగల మీది చిన్న పూసలు కూడా అచ్చులో స్పష్టంగా దిగేది అందుకే. ఆయన ముందు పలచటి పూత వేసి, కొబ్బరి పీచును ప్లాస్టర్‌లో ముంచి పొరలు పొరలుగా అద్దాడు. ఫైబర్ కాంపోజిట్ అని మేం రెండు గంటలు పాఠం వినే సంగతి ఇదే. ఎప్పుడు విప్పుతారని అడిగితే, నా చెయ్యి పట్టుకుని అచ్చు వెనక ఆనించాడు. గోరువెచ్చగా ఉంది. ఈ వేడి ఎక్కి మళ్లీ దిగాక విప్పాలి.

పెద్ద విగ్రహాల దగ్గర మాత్రం నాకు కొంచెం భయమేసింది. లోపల ఇనుప యాంగిళ్లు, పైపులు. వెల్డులు కొన్ని చక్కగా, కొన్ని అతుకు వేసినట్టు ఉన్నాయి. రెండో కుర్రాడు టేపు పట్టి కొలిచాడు. పీఠం వెడల్పు అయిదడుగులు, బరువంతా అయిదడుగుల ఎత్తున ఉన్నట్టు లెక్క. అలాంటి బొమ్మ దాదాపు 26 డిగ్రీలు వాలితే ఇక నిలవదు, లారీ మలుపు తిరిగే ఊపులో అయితే అంతకంటే ముందే పడుతుంది. ఈ లెక్కను యజమాని శ్రద్ధగా విన్నాడు. "మేం భుజంతోని నెట్టి చూస్తం. ఊగితే కింద ఇనుము పెంచుతం" అన్నాడు. ఆ పద్ధతిని నేను తక్కువ చేయను. కానీ భుజం ఆనదగ్గ ఎత్తు దాటాక అది సరిపోదు.

సరుకు కూడా మారుతోంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీఓపీ) విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలిచ్చింది. హుస్సేన్‌సాగర్‌లో వాటిని కలపొద్దని 2021లో హైకోర్టు చెప్పింది. ఖైరతాబాద్‌లో 2022లో 50 అడుగుల మట్టి గణపతిని నిలబెట్టారు, 2024కు అది 70 అడుగులకు పెరిగింది. ప్లాస్టర్ బొమ్మ లోపల డొల్ల. మట్టి అలా కాదు, బరువెక్కువ, ఆరేటప్పుడు కుదించుకుపోయి పగుళ్లిస్తుంది. గడ్డీ వెదురూ కట్టి మట్టి పూయడం కోల్‌కతా వాళ్ల చేతిలో ఉన్న విద్య. "మా చేతులు పీఓపీకి అలవాటు పడ్డయి సార్, మట్టికి ఎంత ఇనుము పెట్టాలె?" అని యజమాని అడిగాడు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మళ్లీ చదువెందుకనేవాళ్లకు ఇంతకు మించిన జవాబు నా దగ్గర లేదు.

తీగల మాట కూడా వచ్చింది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి అయిదుగురు పోయారు. దారిలో తీగల ఎత్తు, లారీ మీద విగ్రహం ఎత్తు ముందే సరిచూసుకోవడం గంట పని, దానికి ఇంజనీరే అక్కర్లేదు. మెకానికల్ వాళ్లు చేయి వేసిన చోట తేడా కనిపిస్తూనే ఉంది. హుస్సేన్‌సాగర్ క్రేన్లకు ఇప్పుడు క్విక్ రిలీజ్ హుక్కులు వచ్చాయి. నీళ్ల అంచున మనిషి నిలబడి తాళ్లు విప్పే బాధ తగ్గింది.

సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పుట్టినరోజు, ఇంజనీర్స్ డే. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరానికి రక్షణ ఆలోచించిన మనిషి ఆయన. ఆ మూసీ ఇక్కడికి దగ్గరే. ఆయన పేరుతో ఉన్న ఇంజనీర్ల భవనం ఖైరతాబాద్‌లో ఉంది. ఆ రోజు సభ ఎలాగూ ఉంటుంది కదా, దాన్ని ఈ షెడ్డులో పెడితే ఎలా ఉంటుందని యజమానిని అడిగాను. మా వాళ్లు బరువుల లెక్క చెబుతారు, మీరు అచ్చు విప్పి చూపించండి అన్నాను.

ఆయన వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "2023ల చవితి 18కొచ్చింది సార్. గప్పుడు 15 నాడు మీరొస్తే కూసోనీకి కాదు, నిలబడనీకి గూడ జాగ దొరకకపోతుండె. నిమజ్జనం అయినంక రాండ్రి. షెడ్డు ఖాళీగుంటది, అచ్చులు రిపేరుకు తీస్తం. గప్పుడైతే పొద్దంత చూపిస్త" అన్నాడు. కుర్రాళ్లు ఆయన ఫోన్ నంబరు రాసుకున్నారు.