ఆటోనగర్: పాత బండి ఇనుముకూ ఒక పేరుంది

కోల్‌కతా, చెన్నైలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారీ, పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు రహదారీ కలుసుకునేది విజయవాడలో. రెండు పెద్ద రోడ్లు కలిసిన చోట లారీలు ఆగుతాయి. ఆగిన లారీకి మెకానిక్కు కావాలి, కమాన్ కట్టలు మార్చేవాళ్లు కావాలి, బాడీ కట్టేవాళ్లు కావాలి. పటమట, కానూరుల పక్కన జవహర్ ఆటోనగర్ పెరగడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. గుంటూరులో, గాజువాకలో, హైదరాబాదు వనస్థలిపురంలో కూడా ఆటోనగర్లున్నాయి. అయినా ఆటోనగర్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది బెజవాడే. 2014లో వచ్చిన 'ఆటోనగర్ సూర్య' సినిమాతో ఊరు ఎరగనివాళ్లకూ ఈ పేరు తెలిసింది.

ఇక్కడికి బాగుచేయించుకోవడానికి వచ్చే బండ్లతో పాటు ఇక బాగుపడని బండ్లూ వస్తాయి. విప్పిన ఇంజన్లు, ఇరుసులు, గేరుపెట్టెలు కొట్ల ముందు గుట్టలుగా పడి ఉంటాయి. చూసేవాళ్లకు అది తుక్కు. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేతు పెట్టుకున్నవాళ్లకు మాత్రం అది మంచి ఉక్కు దొరికే అంగడి. వాళ్లకు కావలసింది జానెడు ముక్క. అంత చిన్న ముక్కను, అదీ నమ్మకమైన రకం ఉక్కును, కొత్తగా కొనడం తేలిక కాదు. ఇరుసు అరిగిందంటే పైన ఓ వెంట్రుకవాసి మందం పోయిందనే అర్థం, లోపలి లోహం సాధారణంగా బాగానే ఉంటుంది. అయితే లక్షల కిలోమీటర్లు బరువు మోసి విరగని ముక్కలోనూ సన్నని పగుళ్లు ఉండవచ్చు, వాడే ముందు చూసుకోవాలి.

క్రాంకు షాఫ్టునే తీసుకోండి. కొన్ని ఫోర్జింగు చేసిన ఉక్కువి, కొన్ని పోతవి. పనితెలిసిన టర్నరు దాన్ని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడతాడు. "చూడండి బాబూ, ఉక్కయితే గంటలా మోగుద్ది. నాసి బీడయితే దబ్బుమంటది," అంటాడు. ఇప్పటి కార్లలో వాడే మేలు రకం పోత ఇనుము కూడా కాస్త మోగుతుంది కాబట్టి చెవినొక్కదాన్నే నమ్మకూడదు. పక్కన అతుకు గీత చూడాలి. సన్నగా ఉంటే పోత, వేలెడు వెడల్పున రుద్దిన గుర్తుంటే ఫోర్జింగు. క్యాం షాఫ్టు జోలికి మాత్రం పోకపోవడమే మంచిది. చాలావాటి ముక్కులను పోతపోసేటప్పుడే చల్లార్చి రాయిలా గట్టిపరుస్తారు. వాటి మీద టూలు మొండిబారడం తప్ప పని సాగదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లారీ ఇరుసు. దాని ఉక్కు మేలైనదే కానీ పైపొర కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు గట్టిపరచి ఉంటుంది. మామూలు టూలు పెడితే కీచుమని జారిపోతుంది. దాన్ని మెత్తబరచడానికి మన జిల్లాల్లో ఖర్చులేని మందొకటుంది, ఊక బూడిద. ముక్కను అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి, తడిలేని ఊక బూడిదలో నిండా పూడ్చి, తెల్లారేదాకా కదపకూడదు. బూడిద వేడిని పట్టి ఉంచుతుంది, ఉక్కు నిదానంగా ఆరుతుంది. పొద్దున లేతుకు బిగిస్తే రజను చుట్టలు చుట్టలుగా లేస్తుంది. ఆ ముక్కతో నూర్పిడి మిషను షాఫ్టు చేసుకోవచ్చు, ఇంట్లో లేతుకే స్పిండిలు చేసుకోవచ్చు.

బ్రేకు డ్రమ్ములు, సిలిండరు లైనర్లు బీడువి. లైనరును కోసి బుష్‌లు చేస్తారు. డ్రమ్ము అడుగు బిళ్లను చదును చేస్తే లేతు చక్కుకు వెనకపలక అవుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ వచ్చిన బీడులో లోపలి బిగువు చాలామటుకు సడలిపోయి ఉంటుంది. కోశాక వంకరపోతుందన్న భయం తక్కువ.

పిస్టన్ల కథ వేరు. టాటా 407లో వాడిన 497 ఇంజను పేరులోనే దాని కొలత ఉంది: నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 97 మిల్లీమీటర్ల బోరు. పిస్టను అల్యూమినియంలో సాధారణంగా పన్నెండో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా సిలికాను కలుస్తుంది. అందుకే కరిగిస్తే నీళ్లలా పారి అచ్చు మూలల్లోకి చేరుతుంది. పాత అల్యూమినియాన్ని కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తది తీయడానికయ్యే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. చాలా డీజిలు పిస్టన్లలో రింగు గాడి దగ్గర ఇనుప వలయం ఉంటుంది. అల్యూమినియం కరిగాక అది అడుగున మిగులుతుంది, పటకారుతో తీసేయాలి. మూసలోకి తడి ముక్క వేయడం ప్రాణాంతకం. నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది.

ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. కొన్ని ఎగ్జాస్టు వాల్వుల కాడ బోలుగా ఉండి లోపల సోడియం ఉంటుంది. కోసినప్పుడు నీరు తగిలితే భగ్గుమంటుంది. పాత బేరింగు షెల్స్‌లో సీసం ఉంటుంది, వాటిని కరిగించకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్మును గాలితో ఊదకండి.

15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కావడం లేదు. తుక్కుకు పోయే బండ్లు ఇక పెరిగేవే. అన్నిటినీ కలిపి ఒకే కొలిమిలో పోస్తే మేలు ఉక్కు, నాసి ఉక్కు ఏకమైపోతాయి. ఏ భాగం ఏ లోహమో చేతితో తట్టి చెప్పగల టర్నర్లు ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను ఐటీఐ పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పించాలి. ఇంట్లో లేతున్నవాళ్లకు నా మనవి ఒకటే. ముక్క కొనేటప్పుడు అది ఏ బండిదో, ఏ భాగమో అడిగి, ఆ కొట్లోనే దాని మీద పెయింటుతో రాయించుకోండి.