కొబ్బరితోటలో రసాయనశాస్త్రము

రసాయనిక చర్యలు ఎన్ని విధములని మేమడుగగానే మా తరగతి బాలబాలికలు సంయోగము, వియోగము, స్థానభ్రంశము, ద్వంద్వవియోగము అని గుక్క తిప్పుకొనక అప్పగింతురు. వీనిని ఎచ్చట చూచితిరని అడిగినచో మాత్రము మౌనము వహింతురు. కోనసీమలో పుట్టినవారికి ఈ మౌన మక్కరలేదు. ఏలయన ఈ నాల్గును మన తోటలలో వాడు ఒక్క మందులోనే కలవు.

కొబ్బరిచెట్టునకు మొవ్వు ఒక్కటియే. అది కుళ్ళినచో చెట్టు మరల చిగుర్పదు. ఈ మొవ్వుకుళ్ళు తెగులునకు మూలమైన శిలీంధ్రమును బట్లరు అను శాస్త్రజ్ఞుడు 1907లో వర్ణించెను. దీనికి వాడు మందు బోర్డో మిశ్రమము. ఫ్రాన్సు దేశమున మిల్లార్డే పండితుడు 1885లో దీనిని ద్రాక్షతోటల తెగులునకై ప్రకటించెను. నూటికి ఒక పాలు మిశ్రమమునకు 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము, 100 లీటర్ల నీరు కావలెను.

గుల్లలను బట్టీలో కాల్చగా బొగ్గుపులుసు వాయువు విడిపోయి సున్నము మిగులును. ఇది వియోగము. ఆ సున్నముపై నీరు పోయగా కుతకుత నుడికి, రెండును ఏకమై తడిసున్నమగును. ఇది సంయోగము. అది కన్నులలో చిందకుండ పిల్లలు దూరముగా నిలువవలెను. చల్లారిన సున్నపునీటిలో తుత్తపునీరు కలుపగా, రెండు పదార్థములును తమ జోడు మార్చుకొని నీలపు మడ్డి యేర్పడును. ఇది ద్వంద్వవియోగము.

ఇక స్థానభ్రంశము కత్తి అంచున కనబడును. మెరయు ఇనుప కత్తిని ఆ మందులో ఒక నిమిషము ముంచి తీయవలెను. దానిపై ఎఱ్ఱని రాగిపూత పట్టినచో, ఇనుము రాగిని వెడలగొట్టి తాను ద్రావణములో చేరినదని యర్థము. అనగా తుత్తము ఇంకను మిగిలియున్నది. అట్టి మందు లేత ఆకును మాడ్చును గనుక మరికొంత సున్నము చేర్చవలెను. ఇందుచేతనే దీనిని ఇనుప పాత్రలో గాక మట్టి తొట్టిలోనో ప్లాస్టిక్ తొట్టిలోనో కలుపుదురు.

స్థానభ్రంశమను పేరెరుగని తండ్రి కత్తిని ముంచి చూచును. పేరెరిగిన కుమారుడు ఆ కత్తి నెరుగడు. ఒకరు తోటను రక్షించుచున్నారు, ఒకరు మార్కులు తెచ్చుకొనుచున్నారు. ఈ ఇరువురిని ఒక్క తొట్టివద్దకు చేర్చినగాని మా పాఠము ముగిసినట్లు కాదని మేము తలంచుచున్నాము.

తల్లిదండ్రులారా, ఈసారి మందు కలుపునప్పుడు మీ బిడ్డలను ప్రక్కన నిలుపుకొనుడు. బాలబాలికలారా, కత్తిపై ఏ రంగు కనబడినదో, అది ఏలనో వ్రాసికొని రండు.