తాళంచెవి నాన్న దగ్గరుంది

పోయిన నెల ఒక ఆదివారం. ఉదయం తొమ్మిదయింది. మా అపార్టుమెంటులో నీళ్లు ఆగిపోయి అప్పటికి రెండు గంటలు. పై అంతస్తు వాళ్ల పిల్లాడు ఒంటినిండా సబ్బుతో బాత్రూములోనే ఉండిపోయాడట. సరిగ్గా ఆ సమయంలో కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే సెక్రెటరీ గారు!

‘‘అమ్మా, మీ నాన్నగారు మోటారు ప్యానెల్‌కి తాళం వేసేశారు. చెవి అడిగితే ఇవ్వనంటున్నారు. మీరే కాస్త చెప్పాలి’’ అన్నారు. కోపాన్ని మర్యాదలో చుట్టి మాట్లాడటం ఆయనకి బాగా వచ్చు.

పరుగున కిందికి దిగాను. వాచ్‌మన్ గది పక్కన గోడకి ఉన్న ప్యానెల్‌కి ఓ పాత ఇత్తడి తాళం వేలాడుతోంది. ఆ తాళాన్ని నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. గాజువాకలో మా ఇంటి గూట్లో, నాన్న టిఫిన్ క్యారియర్ పక్కన ఉండేది. హైదరాబాదు వచ్చేటప్పుడు అమ్మ పచ్చళ్ల జాడీలు తెచ్చుకుంటే నాన్న దాన్ని తెచ్చుకున్నారన్నమాట!

నాన్న సెల్లారులో పంపు దగ్గర, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. మెకానిక్కు కుర్రాడు పంపు విప్పి లోపల చెయ్యి పెట్టి, చక్రానికి చుట్టుకున్న గుడ్డపీలికలు లాగుతున్నాడు.

‘‘నేను ఆఫ్ చేసే దిగాను మేడమ్. సార్ వినట్లేదు’’ అన్నాడు నన్ను చూసి.

‘‘నువ్వు బటన్ నొక్కి ఆపావు బాబూ. మెయిన్ తియ్యలేదు. ఆటోమేటిక్ మీదే వదిలేశావు. పై ట్యాంకులో నీళ్లు తగ్గితే అది నిన్నడిగి స్టార్టవుద్దా?’’ అన్నారు నాన్న. ఆ తర్వాత నావైపు తిరిగి, ‘‘మెయిన్ తీసి తాళం వేశానమ్మా. ఈ గంటలో వాచ్‌మన్ రెండుసార్లు ప్యానెల్ దగ్గరికెళ్లాడు. ఫ్లాట్ల వాళ్లు ఫోన్ చేస్తుంటే అతనేం చేస్తాడు? అక్కణ్నుంచి ఇక్కడ ఏం జరుగుతుందో కనపడదు కదా’’ అన్నారు.

నాకు నవ్వొచ్చింది. రెండు హార్స్‌పవర్ మోటారుకి ఇంత హంగామానా అనిపించింది. ఆ మాటే అనేశాను కూడా. నాన్న ఏమీ అనలేదు. పని అయిపోయాక ఆ కుర్రాడిని ‘‘నీ రెండు చేతులూ చూపించు’’ అన్నారు. వాడు నవ్వుతూ చూపించాడు. ఆయన నవ్వలేదు. అప్పుడు తాళంచెవి తీసి వాడి చేతికిచ్చి ‘‘నువ్వే తియ్యి’’ అన్నారు.

నాన్న విశాఖపట్నం దగ్గర ఒక పెద్ద కర్మాగారంలో పంపుల ఆపరేటరుగా చేరి, ఫిట్టరుగా రిటైరయ్యారు. ఆపరేటరంటే స్విచ్ వేసేవాడు. ఫిట్టరంటే విప్పి బిగించేవాడు. మధ్యలో ఎందుకు మారారో మేం ఎప్పుడూ అడగలేదు. రాత్రి డ్యూటీలు పడక మారారనుకున్నాం.

ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి మమ్మల్ని ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లేవారు. ఒకసారి... నేను ఆరో తరగతిలో ఉన్నాననుకుంటా, పంపుహౌసు లోపలికి తీసుకెళ్లారు. నేలమట్టానికి కింద పెద్ద గొయ్యిలాంటి హాలు. వరసగా ఏనుగు గున్నల్లా పంపులు. వాటికి పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. నాన్న ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని పంపు బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నారు. తర్వాత నా చెవికి పెట్టారు. హూ... అని సన్నగా, ఒకటే శ్రుతిలో మోత. ‘‘ఇలా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినపడితే నీళ్లు సరిగా అందట్లేదన్నట్టు. అందకపోతే నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి, చక్రం దగ్గర పగిలి ఇనుముని కొరుక్కుతినేస్తాయి’’ అన్నారు. బుడగలు ఇనుముని తినడమేంటని ఆ రోజు నేను నమ్మలేదు. తర్వాత పైనుంచి తెచ్చి చూపించారు ఒక పాత చక్రాన్ని. చెద పట్టిన తలుపులా ఉంది!

ఇంకో పంపు దగ్గర ఇరుసు చుట్టూ నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ‘‘నాన్నా, లీకవుతోంది’’ అని అరిచాను. ఏదో కనిపెట్టానన్న గర్వం. ఆయన నవ్వి, ‘‘కారాలి. చుక్క చుక్కగా కారాలి. ఆ ఇరుసు చుట్టూ తాడులాంటి ప్యాకింగ్ ఉంటది. నీళ్లు తగులుతుంటేనే అది చల్లగా ఉంటది. కారకూడదని బిగించేస్తే కాలిపోద్ది. ధారగా కారితే మాత్రం మార్చాలి’’ అన్నారు. ఇప్పటికీ ఏ పంపు చూసినా నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. మెకానికల్ సీల్ ఉన్న పంపుల్లో ఆ చుక్కలు కూడా కనపడవు. వాటిని చూస్తే ఎందుకో కాస్త వెలితి.

బయటికి వచ్చేటప్పుడు స్టోరులో బాబాయ్ మా చేతుల్లో లడ్డూలు పెట్టాడు. నాన్నతో కలిసి పనిచేసే ఆయన. మాకు బాబాయే. ఎడమచేత్తో ఇచ్చాడు. కుడిచేతికి మూడు వేళ్లు లేవు. ‘మిషన్లో పడ్డాయి’ అని మాకు చెప్పిన కథ. పిల్లలం కదా, మిషన్ అంటే నోరున్న జంతువేదో అనుకునేవాళ్లం.

ఆ ఆదివారం సాయంత్రం బాల్కనీలో టీ తాగుతూ, పొద్దున నవ్వినందుకు సారీ చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు.

‘‘మీ బాబాయ్ వేళ్లు మిషన్లో పడలేదమ్మా. స్విచ్ నొక్కింది నేనే.’’

1998 వానాకాలం. నేను మూడో తరగతి. రాత్రి పది గంటలకి షిఫ్టు మారింది. నాన్న డ్యూటీ ఎక్కారు. మూడు పంపుల్లో రెండు నడుస్తున్నాయి, మూడోది ఆగి ఉంది. రిజిస్టరులో దాని ఎదురుగా ఏమీ రాసి లేదు. నిజానికి సాయంత్రం షిఫ్టులో దానికి ప్యాకింగ్ మార్చడం మొదలుపెట్టారు. ఫిట్టరు వెళ్లిపోయాడు. హెల్పరుగా ఉన్న బాబాయ్ ‘ఇంకో పది నిమిషాల పనే కదా’ అని కింద ఉండిపోయాడు. స్విచ్‌కి ‘పని జరుగుచున్నది’ అని ఒక అట్టముక్క దారంతో కట్టారు. ఆ దారం తెగి అట్ట ప్యానెల్ వెనకాల పడిపోయింది. మర్నాడు ఉదయం గానీ అది దొరకలేదు.

పదీ పావుకి ఒకటో పంపు దానంతటదే ఆగిపోయింది. కంట్రోల్ రూము నుంచి ఫోను. ‘ప్రెషర్ పడిపోతోంది, మూడోది వెయ్యండి.’ ప్యానెల్ గది పైన. పంపులు కింద. మధ్యలో మెట్లు, మోత. నాన్న నొక్కేశారు.

ప్యాకింగ్ వేశాక ఇరుసు బిగుసుకుపోయిందేమో అని ఫిట్టర్లు చేత్తో తిప్పి చూస్తారు. మోటారునీ పంపునీ కలిపే చోట ఉండే రక్షణ తొడుగు తీసేసి, సరిగ్గా అదే చేస్తున్నాడు బాబాయ్...

‘‘కేక కూడా వినపడలేదమ్మా’’ అన్నారు నాన్న. ‘‘పంపు మోతలో కలిసిపోయింది. ప్రెషర్ వచ్చిందని వాళ్లు ఫోన్లో చెబితే నేను సరే అని టీ ఫ్లాస్కు తీశాను.’’

నాన్నకి మెమో ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. రిజిస్టరులో లేనిదానికి తప్పెవరిది? బాబాయ్‌కి పరిహారంతోపాటు స్టోరులో తేలికపాటి పని ఇచ్చారు. ఆస్పత్రిలో మొదటిరోజు నాన్న కాళ్ల దగ్గర నిలబడితే ‘‘నీకేటి తెలుసు అన్నియ్యా’’ అన్నాడట. ఆ మాట మరీ కష్టమైంది అన్నారు నాన్న. తిట్టి ఉంటే బాగుండేదట.

ఆ తర్వాత ఆయన ఫిట్టరుగా మార్చమని అర్జీ పెట్టుకున్నారు. సొంత డబ్బుతో ఈ ఇత్తడి తాళం కొన్నారు. పంపు విప్పే ముందు మెయిన్ తీసి, హ్యాండిల్‌కి తాళం వేసి, చెవి జేబులో వేసుకునేవారు. మొదట్లో అందరూ నవ్వేవారట, నాలాగే. మరీ ఫోను మీద ఫోను చేసే ఆఫీసర్లయితే విసుక్కునేవారు. కొన్నేళ్లకి ఫ్యాక్టరీయే అందరికీ ఎర్రతాళాలు ఇచ్చింది. ఎంతమంది పనిలో ఉంటే అన్ని తాళాలు. ఎవరిది వాళ్లే తియ్యాలి. అమెరికాలో 1989లోనే ఇది నిబంధనగా వచ్చిందని నేను చెబితే, ‘‘అయితే మనకన్నా ముందే ఎవరికో వేళ్లు పోయుంటాయి’’ అన్నారు.

తాళం ఒక్కటే సరిపోదట. అది వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. నిజంగా చచ్చిందా లేదా అని! ఒక్కోసారి మనం మూడో పంపు అనుకుని రెండోదానికి తాళం వేసి ఉండొచ్చు. నీళ్లు లోపలికొచ్చే వాల్వు, బయటికెళ్లే వాల్వు రెండూ కట్టేసి, వాటికీ గొలుసులు కట్టాలి. కరెంటు లేకపోయినా పంపు తిరగగలదు. పక్క పంపులు తోసిన నీళ్లు పైపులోంచి వెనక్కొచ్చి, మధ్యలో ఆపాల్సిన వాల్వు పాడైతే చక్రాన్ని ఎదురు తిప్పేస్తాయి. అది నేనెప్పుడూ ఊహించలేదు. ఆ తర్వాత లోపలున్న ఒత్తిడి పోయేదాకా కాలువ తెరిచి, పూర్తిగా ఖాళీ అయిందని చూసుకుని గానీ బోల్టు మీద స్పానర్ పెట్టకూడదు. వేడినీళ్లో ఆమ్లమో అయితే మొహం మీదికొస్తుంది. మొదటి బోల్టు ఎప్పుడూ మనకి అవతలివైపుది వదులు చెయ్యాలట. చిమ్మినా అటే చిమ్ముతుందని. ఈ చివరి ముక్క ఏ పుస్తకంలో ఉందో తెలీదు, నాన్న దగ్గర మాత్రం ఉంది.

రాత్రి నిద్రపట్టలేదు. ఫీచర్లు రాసేదాన్ని కదా, ఏది విన్నా వెతకడం జబ్బు. అలా పైపర్ ఆల్ఫా దగ్గర ఆగిపోయాను. స్కాట్లాండులోని అబర్దీన్‌కి సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, ఉత్తర సముద్రం మీద చమురు, గ్యాసు తీసే కట్టడం. 1988 జూలై 6. అక్కడ గ్యాసు నుంచి వచ్చే ద్రవాన్ని తోసే పంపులు రెండు. పగటిపూట ‘ఎ’ పంపుకి సంబంధించిన సేఫ్టీ వాల్వుని పరీక్ష కోసం విప్పి, ఆ చోట ఉత్త మూత పెట్టారు. సాయంత్రానికి వాల్వు తిరిగి బిగించలేదు. షిఫ్టు మారింది. వాల్వు లేదన్న మాట రాత్రి వాళ్లకి చేరలేదు. పదింటికి కాస్త ముందు ‘బి’ పంపు ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు. రాత్రి వాళ్లకి దొరికిన కాగితం ‘ఎ’ పంపు మీద ఇంకా మొదలుకాని వేరే పని గురించినది. సరే, ‘ఎ’ పంపు వెయ్యొచ్చు అనుకున్నారు. ఆ మూత సందుల్లోంచి వచ్చిన గ్యాసే పేలిందని లార్డ్ కలెన్ విచారణ తేల్చింది. 167 మంది పోయారు. మంటలార్పే పంపులు కూడా వాటంతటవి పనిచెయ్యలేదు. సముద్రంలో డైవర్లు దిగినప్పుడు వాళ్లని లాగేస్తాయని చేత్తో నడిపే పద్ధతిలో పెట్టి ఉంచారు. ఒకళ్ల ప్రాణం కాపాడటానికి తీసుకున్న జాగ్రత్తే... 1990లో ఇచ్చిన ఆ నివేదికలో 106 సిఫార్సులున్నాయి.

మర్నాడు కాఫీ దగ్గర నాన్నకి ఇదంతా చెప్పాను. షిఫ్టు మారడం, ఆగిపోయిన పంపు, చేరని మాట. ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

‘‘స్విచ్‌ల దగ్గరున్నోళ్లు బతికారా?’’ అని అడిగారు.

కంట్రోల్ రూములో ఉన్న ఆపరేటరొకాయన బతికి బయటపడ్డాడనీ, విచారణలో సాక్ష్యం చెప్పాడనీ అన్నాను.

‘‘ఆయనెలా పడుకునేవాడో పాపం’’ అన్నారు. 167 మంది గురించి కాదు, ఆయన గురించే అడిగారు.

ఆ సాయంత్రం బాబాయ్‌కి ఫోన్ చేసి అపార్టుమెంటు గొడవంతా చెప్పారు. స్పీకర్లో ఉండటంతో నాకూ వినపడింది. బాబాయ్ పెద్దగా నవ్వి, ‘‘నీళ్లు లేక అంతమందిని మాడ్చేశావా అన్నియ్యా’’ అన్నాడు. నాన్న కూడా నవ్వారు. తర్వాత ఇద్దరూ మోకాళ్ల నొప్పుల్లోకి వెళ్లిపోయారు. ఆ రాత్రి గురించి వాళ్లిద్దరూ ఇరవై ఏడేళ్లుగా మాట్లాడుకున్నట్టు లేదు. ఇకముందు మాట్లాడుకుంటారనీ అనుకోను.

మొన్న అసోసియేషన్ మీటింగులో ప్యానెల్‌కి కొత్త తాళం కొనాలని తీర్మానించారు. సెక్రెటరీ గారే స్వయంగా తెచ్చారు. మంచి కంపెనీది, మూడు చెవులతో. ఒకటి వాచ్‌మన్‌కి, ఒకటి తనకి, ఒకటి ప్రెసిడెంటుకి అన్నారు. నాన్న తాళాన్ని తిప్పి తిప్పి చూసి, ‘‘బాగుంది. ఎవరు పనిచేస్తే వాళ్ల జేబులోనే ఉండాలి’’ అన్నారు. కొక్కేనికి ఒక్క చెవే తగిలించారు. మిగతా రెండూ ఎక్కడో పడిపోయాయని సెక్రెటరీ గారు వెతుకుతున్నారు.

మా బియ్యం డబ్బాలో ఉన్నాయి. ఆయన ఈ పేజీ చదవరనే నా ధైర్యం.